పెప్టిక్ అల్సర్

పెప్టిక్ అల్సర్ అనగా జీర్ణాశయము లేదా ఆంత్రమూలము (చిన్నప్రేవుల మొదటి భాగము) లోపలి పొరలో ఏర్పడే పుండు. వాడుకలో దీనిని కడుపులో పుండు అంటారు. కడుపులో మంట ఉన్న ప్రతివారికీ అల్సర్ ఉన్నట్లు కాదు. ఆమ్లము ఆహారవాహికలోకి ఎగదన్నుట వలన కలిగే గుండెమంట, జీర్ణాశయపు పొర వాచుట వలన కలిగే గ్యాస్ట్రైటిస్ వేరు వ్యాధులు. వీటన్నిటినీ గ్యాస్ ట్రబుల్ అనే ఒక్క మాటతో సరిపెట్టుట వలన అసలు కారణము మరుగున పడుతుంది.

కారణాలు

జీర్ణాశయములో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లము, పెప్సిన్ మాంసకృత్తులను అరిగించగలవు. జీర్ణాశయపు గోడ తానే అరిగిపోకుండా బైకార్బొనేటుతో కూడిన జిగురు పొర కాపాడుతుంది. ఈ పొర దెబ్బతిన్నపుడు పుండు పడుతుంది. అందుకు ముఖ్య కారణాలు రెండు.

మొదటిది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఇది యూరియేజ్ అనే ఎంజైముతో అమ్మోనియాను తయారుచేసి, తన చుట్టూ ఉన్న ఆమ్లమును తటస్థపరచుకొని బ్రతుకుతుంది. సాధారణముగా చిన్నతనములోనే సోకుతుంది. సోకినవారిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. ఆమ్లములో సూక్ష్మజీవులు బ్రతకవనీ, అల్సరుకు మానసిక ఒత్తిడి, ఆహారపు అలవాట్లే కారణమనీ వైద్యులు చాలాకాలము నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో రాబిన్ వారెన్ 1979లో రోగుల జీర్ణాశయపు ముక్కలలో ఈ బాక్టీరియాను గమనించాడు. 1982లో బారీ మార్షల్‌తో కలిసి దానిని ప్రయోగశాలలో పెంచగలిగారు. తోటివారు నమ్మకపోవుటతో 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే త్రాగాడు. కొద్దిరోజులలో అతనికి గ్యాస్ట్రైటిస్ వచ్చింది (అల్సర్ వచ్చిందని కొన్నిచోట్ల వ్రాయుట పొరపాటు). వీరిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది.

రెండవది నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి జిగురు పొరను నిలిపే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. మందు రక్తము ద్వారా కూడా పనిచేస్తుంది కనుక ఇంజెక్షనుగా తీసుకున్నా ఈ ముప్పు తప్పదు. మోకాళ్ళ నొప్పులకు మందుల దుకాణములో అడిగి కొనుక్కొని నెలల తరబడి మ్రింగే వృద్ధులలో ఇది ఎక్కువ. పారాసెటమాల్ ఈ కోవకు చెందదు.

కారము, ఆవకాయ పుండును పుట్టించవు. ఉన్న మంటను పెంచవచ్చు. పొగ త్రాగుట వలన పుండు మానుట ఆలస్యమవుతుంది.

లక్షణాలు

పొట్ట పైభాగములో నొప్పి, మంట ముఖ్య లక్షణము. ఆంత్రమూలపు పుండులో ఖాళీ కడుపున, అర్ధరాత్రి నొప్పి వచ్చి, ఏదైనా తింటే తగ్గుతుంది. జీర్ణాశయపు పుండులో తిన్న వెంటనే పెరగవచ్చు. తారువలె నల్లని, జిగటగా ఉండే విరేచనము, కాఫీ పొడి వంటి వాంతి లోపలి రక్తస్రావమునకు గుర్తులు. (ఐరన్ మాత్రల వలన కూడా మలము నల్లబడుతుంది.) నొప్పి మాత్రలు వాడే వృద్ధులలో ఏ నొప్పీ లేకుండా రక్తస్రావమే తొలి లక్షణము కావచ్చు. పుండు చిల్లు పడితే హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చి పొట్ట చెక్కవలె బిగుసుకుంటుంది. వెంటనే శస్త్రచికిత్స అవసరమవుతుంది.

నిర్ధారణ, చికిత్స

పుండును ఎండోస్కోపీ ద్వారా చూస్తారు. బాక్టీరియాను శ్వాస పరీక్ష, మల పరీక్షలతో కూడా గుర్తించవచ్చు. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి మందులను రెండు వారాల ముందు ఆపనిచో, బాక్టీరియా ఉన్నా లేనట్లు ఫలితము రావచ్చు. చికిత్సలో ఆమ్లమును తగ్గించే మందుతోపాటు రెండు లేక అంతకంటే ఎక్కువ బాక్టీరియా నాశక మందులను సాధారణముగా 14 రోజులు వాడతారు. మంట తగ్గిందని మధ్యలో మానివేస్తే బాక్టీరియా మందులకు లొంగకుండా పోవచ్చు. చికిత్స ముగిసిన కనీసము నాలుగు వారాల తరువాత మరల పరీక్షిస్తారు. జీర్ణాశయపు పుండు కొన్నిసార్లు క్యాన్సర్ కావచ్చు కనుక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.