సూరతు వడ్రంగియు ఫ్రీమేసనుల మూలమట్టమును

1736లో సూరతు నుండి ఒక పారసీ వడ్రంగి మేస్త్రీ బొంబాయికి తరలివచ్చినాడు. ఆయన పేరు లోవ్జీ నస్సర్వాన్జీ వాడియా. తాపీ నది ఒడ్డున ఓడల పనిలో చేయి తిరిగిన మనిషి. తాపీ అనగానే తెలుగువానికి ఇటుకయు సున్నమును తలపునకు వచ్చును. నది పేరునకును మన తాపీ పనికిని చుట్టరికమేమియు లేదు. ఐనను ఈ కథలో సూరతు వడ్రంగి వంశమునకు సీమ తాపీవాని పేరు పెట్టుకొన్న సంఘమొకటి ఎదురుపడును గనుక, ఆ శబ్దసామ్యమును విడువ బుద్ధి పుట్టలేదు.

లోవ్జీ చేతిమీదుగా 1750లో బొంబాయిలో ఓడల మరమ్మతు రేవు ఏర్పడినది. ఆయన మనుమడు జంషెడ్జీ బొమన్జీ బ్రిటిషు నౌకాదళమునకే యుద్ధనౌకలు కట్టి ఇచ్చినాడు. వానిలో ట్రింకోమలీ అను ఓడ పని 1816లో మొదలైనది. పారసీ ఆచారము ననుసరించి జంషెడ్జీ ఆ ఓడ అడుగుదూలములో అక్షరములు చెక్కిన వెండి మేకు నొకదానిని తన చేతితో దిగగొట్టినాడు. మేకు దిగనిదే ఓడకు క్షేమము లేదని వారి నమ్మకము. మన ఇండ్లలో ద్వారబంధము నిలుపునప్పుడు పసుపు పూసి నవధాన్యములు మూటగట్టువారికి ఇది వింతగా తోచదు. పనివాడే పురోహితుడు, పనిముట్టే పూజాద్రవ్యము.

ఇదే కాలమున పనిముట్లను పూజాద్రవ్యములుగా నిలుపుకొన్న మరియొక సంఘము మన రేవుపట్టణములలో వేళ్లూనుచుండెను. ఆ సంఘములో ఎవరును రాయి చెక్కరు, గోడ కట్టరు. అదియే ఫ్రీమేసనుల లాడ్జి. స్కాట్లండు, ఇంగ్లండు దేశములలో రాతిపనివారి కూటములు మొదట నిజముగా పనివారివే. 17వ శతాబ్దిలో పని ఎరుగని పెద్దమనుషులు కుతూహలముకొలది వానిలో చేరసాగినారు. పురావస్తు ప్రియుడైన ఎలియాస్ ఆష్మోల్ 1646లో చేరినట్లు తన దినచర్యలో వ్రాసికొన్నాడు. 1717లో లండనులో గ్రాండు లాడ్జి వెలసినదని సంప్రదాయము; 1723లో వారి నిబంధనల గ్రంథము అచ్చైనది. 1730 నాటికి కలకత్తాలో లాడ్జి కలదు. 1770 దశకములో తిరుచిరాపల్లిలో ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమరా దీక్ష పొందినాడు.

ఆ దీక్షావిధానము గమనింపదగినది. వచ్చినవాని కన్నులకు గంత కట్టుదురు. మెడకు త్రాడు తగిలింతురు. ఒంటిమీద లోహపుతునక యైనను ఉండనీయరు. సొలోమోను దేవాలయము కట్టునప్పుడు ఇనుప పనిముట్టు చప్పుడు వినబడలేదను బైబిలు కథను ఇందుకు కారణముగా చెప్పుదురు. పిదప ఆ చేతులు ఖాళీగా ఉన్నవాడినే దానమిమ్మని అడుగుదురు! ఈయలేని స్థితి ఎట్టిదో ఒక్కమారు రుచి చూచినవాడు మరువడని వారి భావము. ఈ ఘట్టము నాకు చాల నచ్చినది. మూలమట్టము నడవడికి గుర్తు. వృత్తలేఖిని కోరికలకు గీసిన గిరి. నిలువు చూచు గుండు ఋజుత్వము. చెక్కని రాయి దీక్షకు ముందటి మనిషి, నునుపు దేలిన రాయి తరువాతి మనిషి. మూడవ మెట్టున హీరాము అను శిల్పాచార్యుని కథ నాటకముగా నడుచును. రహస్యపదము చెప్పనన్నందుకు ముగ్గురు పనివారు ఆయనను చంపుదురు. దీక్ష పొందువాడు ఆ శవము వలె పరుండి, గురువు చేయి పట్టి లేపగా లేచును. అసలు పదము పోయినది, మారుపదము మిగిలినది. ఉపనయనముతో రెండవ జన్మము నెరిగిన మనకు ఈ మరణ పునరుత్థానముల మర్మము పట్టుపడకపోదు.

పోలిక కనబడగానే మూలము మనదే యనుట మాత్రము తొందరపాటు. ఈ కర్మ ఐగుప్తుది, వేదములది యని వ్రాసినవారు కలరు. కాని దీనికి దొరకిన వ్రాతప్రతులు 17వ శతాబ్ది చివరను దాటి వెనుకకు పోవు. వానిలో 1696 నాటి ఎడింబరో ప్రతి ప్రాచీనమైనది. హీరాము కథ అచ్చులో కనబడినది 1730లో. కర్మకాండ క్రొత్తదైనంత మాత్రమున దాని బలము తగ్గదు. పాతదని బొంకినచో తగ్గును.

సమభావము పేర నిలిచిన ఈ సంఘము తలుపులు మన దేశస్థులకు సులువుగా తెరుచుకొనలేదు. సూరతు నుండి బొంబాయికి పారసీలు వచ్చి శతాబ్దము దాటినను, మాణెక్జీ కర్సెట్జీ అను పారసీ ప్రముఖునకు బొంబాయి లాడ్జిలో ప్రవేశము దొరకలేదు. ఆయన పారిసు నగరమున దీక్ష పొందవలసి వచ్చినది. తుదకు డాక్టరు జేమ్సు బర్న్సు పూనికతో 1843 డిసెంబరు 15న దేశీయులకొరకు 'రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టరన్ ఇండియా' అను లాడ్జి బొంబాయిలో ఏర్పడినది. మూలమట్టమును తరతరములుగా నిజముగా చేతబట్టిన వాడియాలు పుట్టిన సంఘమునకు, ఆ మూలమట్టపు బొమ్మ యెదుట నిలుచుటకు ఇంత ప్రయాస!

హిందువులకు మరింత ఆలస్యమైనది. బహుదేవతారాధకుడు ఏకేశ్వరుని పేర ప్రమాణమెట్లు చేయుననునది ఆక్షేపణ. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు ఏండ్ల తరబడి వాదించి 1872లో దీక్ష పొందినాడు. ఆ 'యాంకర్ అండ్ హోప్' లాడ్జిలోనే 1884లో నరేంద్రనాథ దత్తు, అనగా పిదపటి వివేకానందస్వామి, చేరినాడు. 1872లోనే హైదరాబాదున తానీషా నాటి గోషామహలు బారాదరి మేసనుల వశమైనది. కుతుబ్షాహీల విలాసమందిరము సొలోమోను దేవాలయమునకు ప్రతిరూపమైనదన్నమాట. ఉత్తరదేశమున లాడ్జి భవనములను జనులు 'జాదూఘర్' అని పిలిచినారు. మూసిన తలుపు వెనుక మంత్రతంత్రములే జరుగునని లోకము తలచుట సహజము.

నిజమునకు రహస్యముల తీరు వేరు. పనివాని రహస్యము కూటికి సంబంధించినది. ఏ చెక్క ఏ వంపునకు వచ్చునో, ఏ కీలు నీరు పట్టదో తండ్రి కొడుకునకు చెప్పును, పొరుగువానికి చెప్పడు. గోదావరి పాయమీద మన కోరంగి ఓడవడ్రంగుల విద్యయు ఇట్టిదే. 1839 ఉప్పెనలో ఆ రేవు దెబ్బతిన్నప్పుడు నోటిమాటగా సాగిన ఆ విద్యలో ఎంత కొట్టుకొనిపోయినదో లెక్కించినవారు లేరు. లాడ్జి రహస్యమో, 1730 నుండి అచ్చులో దొరకుచునే యున్నది. దాని వలన రాయి నిలువదు, ఓడ తేలదు. దానిని దాచుటయే దాని పని. దాచువారు ఒకరికొకరు కట్టుబడుటయే దాని ఫలము.

1961 నవంబరు 24న భారత గ్రాండు లాడ్జి స్థాపితమైనది. రాంపూరు నవాబు రజా అలీ ఖాన్ మొదటి గ్రాండు మాస్టరు. ఈ దేశపు లాడ్జిలలో వేదికమీద బైబిలు ప్రక్క భగవద్గీత, ఖురాను, అవెస్తా మొదలగునవియు ఉంచుట వాడుక. ట్రింకోమలీ ఓడ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నేటికిని నీటిమీద నిలిచియున్నది.