గాలిగోపురం చెప్పిన మాట



మా అవుకులో గోడ బీటవారితే ముందు చూసేది ఇంటి ఇల్లాలే. "కాస్త మెత్తితే సరిపోతుందిలే" అని మగవాళ్లు అన్నా, అది పెరుగుతోందేమోనని ఆమె కన్ను దానిమీదే ఉంటుంది. ఈవేళ చెప్పబోయేదీ ఒక బీట కథే.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో గాలిగోపురం కట్టించాడు. ఏడంతస్తులు, సుమారు 136 అడుగుల ఎత్తు. దూరాన ఉండగానే యాత్రికులకు ముందు కనిపించేది అదే. రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, గోపురం నిలిచింది. దాని ఒంటిమీద పగుళ్లు మాత్రం పెరుగుతూ వచ్చాయి. 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. పగుళ్లు పెద్దవి కావడం చూసి జనాన్ని ముందే దూరంగా పంపారు గనుక ప్రాణాలు దక్కాయి.

ఇలాంటిది ఇతర దేశాల్లోనూ జరిగింది. ఇటలీలోని వెనిస్ నగరంలో పెద్ద ఘంటాగోపురం 1902 జూలై 14న కూలింది. అక్కడా మనుషులెవరూ పోలేదు. 1912 నాటికి ఉన్నచోటే, ఉన్న రూపంలోనే మళ్లీ కట్టుకున్నారు. శ్రీకాళహస్తిలోనూ కొత్త గోపురం లేచింది. 2017లో కుంభాభిషేకం జరిగింది.

గోపురం మళ్లీ వచ్చింది, సంతోషమే. కాని రాయలనాటి ఇటుక మళ్లీ రాదు గదా! అందుకే మన ఊళ్లో పాత గుడి ఉన్నా, బురుజు ఉన్నా, శిఖరానికి దణ్ణం పెట్టి ఊరుకోకుండా మొదలు చుట్టూ కూడా ఒకసారి చూద్దాం. బీట కనిపిస్తే పెద్దలకు చెబుదాం. ఆడవాళ్ల మాటేలే అని కొట్టేస్తే, మళ్లీ చెబుదాం.