బల్ల దగ్గర ఆగిపోయేవారు: మేడ్చల్ రోడ్డు సంఘాల్లో పాపం, కృప

సుచిత్ర కూడలి దాటి పేట్ బషీరాబాద్, కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు సాగే 44వ జాతీయ రహదారికి రెండు పక్కలా ఆదివారం ఉదయం ఆరాధన పాటలు వినిపిస్తాయి. మొదట జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనికి, తర్వాత ఈ వైపు లేచిన కాలనీల్లో కూలికీ ఉద్యోగాలకూ వచ్చిన కుటుంబాలు తమ ఊరి సంఘాన్ని కూడా వెంట తెచ్చుకున్నాయి. గుంటూరు వైపు లూథరన్లు, ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులు, మెదక్ అధ్యక్ష మండలపు సి.ఎస్.ఐ. వారు, హెబ్రోను సహవాసపు విశ్వాసులు, ఏ మిషనుకూ చెందని పెంతెకొస్తు సంఘాలు ఇప్పుడు ఒకే రోడ్డు మీద ఇరుగుపొరుగు. కొందరికి గుడి ఉంది, కొందరికి షాపుల పైన అద్దె హాలే గుడి. పాపం గురించి, కృప గురించి వీరి వేదాంత గ్రంథాలు చెప్పేది ఒకటి, విశ్వాసులు ఒంటికి పట్టించుకున్నది మరొకటి. ఆ తేడా ప్రసంగంలో కన్నా ప్రభువు బల్ల దగ్గర బాగా తెలుస్తుంది కాబట్టి ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలవుతుంది.

చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం సంస్కారం ఇస్తారు. హెబ్రోను సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. పళ్లెంలో రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వరసల మధ్యగా వస్తాయి. బాప్తిస్మం తీసుకోనివారు ఎలాగూ తీసుకోరు. బాప్తిస్మం తీసుకుని, ఏళ్ల తరబడి సంఘంలో ఉన్నవారు కూడా కొందరు తల వంచుకుని పళ్లేన్ని పక్కవారికి అందించేస్తారు. అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకే రకం. ఈ నెల మందు ముట్టాను. తోటికోడలితో మాట పట్టింపు వచ్చింది. చీటీ డబ్బు విషయంలో అబద్ధమాడాను. ప్రార్థన మానేశాను. తీసుకునేవారి మనసులో దీనికి జోడుగా మరో మాట ఉంటుంది: ఈ నెల బాగానే ఉన్నాను. అయితే తన ఇంటి పై వాటా ఫలానా కులం వారికి ఇవ్వనని చెప్పిన ఇంటి యజమానికి గానీ, మేస్త్రీలకు వారాల తరబడి కూలి ఆపిన కాంట్రాక్టరుకు గానీ పళ్లెం ముందు ఆగాలని తోచదు. అతని పాపాల పట్టికలో అవి లేవు.

నా వాదన ఇదే. పాపాన్ని చెడ్డ అలవాట్ల పట్టికగా కుదిస్తే, కృప ఆ పట్టిక కొట్టేసుకున్నవారికి దక్కే జీతమవుతుంది. తెలుగు క్రైస్తవం మొదట విన్న సువార్త ఇది కాదు.

బల్ల దగ్గర ఆగిపోయేవారు ఆధారంగా చెప్పేది మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం. అయోగ్యంగా రొట్టె తినేవాడు, పాత్రలోది తాగేవాడు శిక్షకు లోనవుతాడని అక్కడుంది. ఆ హెచ్చరిక ఎవరికన్నది 17వ వచనం నుంచి చదివితే గానీ తెలియదు. కొరింథు సంఘం కూడింది స్థోమత ఉన్నవారి ఇళ్లలో. ప్రభువు భోజనం అప్పట్లో నిజంగా భోజనమే. తీరిక ఉన్నవారు ముందే కూర్చుని తెచ్చుకున్నది తినేసేవారు. ఒకరు ఆకలితో ఉండగా మరొకరు మత్తులో ఉన్నారని పౌలు మండిపడ్డాడు. మీరు లేనివారిని సిగ్గుపరుస్తున్నారని నిలదీశాడు. పొద్దుపోయేదాకా పనిలో ఉండే బానిసలు, కూలీలే ఆ లేనివారై ఉంటారని 1970ల్లో జర్మన్ పండితుడు గెర్డ్ టైసెన్ కొరింథు సామాజిక అంతరాలపై చేసిన అధ్యయనం తర్వాత చాలామంది వ్యాఖ్యాతలు అంగీకరించారు. పౌలు చివర చెప్పిన మందు కూడా ఒంటరి ఆత్మపరీక్షతో ఆగలేదు: ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. అంటే ఆ అధ్యాయం ఎవరిని ఆపడానికి రాశాడో వారు ఈ రోడ్డు మీద ధైర్యంగా తీసుకుంటున్నారు. ఎవరి కోసం ఆగమన్నాడో వారు తమంతట తామే ఆగిపోతున్నారు. ఆత్మపరీక్ష వద్దని నేననను. ఆ పరీక్షలో ప్రశ్నలు మారిపోయాయన్నదే నా బాధ.

పట్టికలు పౌలుకు తెలియనివి కావు. రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో అన్యజనుల చెడుగులు పెద్ద వరసగా రాశాడు. వినే యూదు విశ్వాసి తల ఊపుతూ ఉండగానే రెండో అధ్యాయంలో అతని వైపు తిరిగి, తీర్పు తీర్చే నీవూ అదే చేస్తున్నావన్నాడు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి భేదం లేదు, అందరూ పాపులే. పట్టికను చూపించడం దాన్ని దాటించడానికే. ఆరో అధ్యాయంలో పాపం ఒక యజమాని, మనిషి దానికి దాసుడు. ఏడో అధ్యాయంలో, మేలు చేయాలని కోరిక ఉన్నా చేయలేని మనిషి మూలుగు వినిపిస్తుంది. మనిషి చేసిన పనుల మొత్తం కన్నా మనిషి చిక్కుకున్న స్థితి పెద్దది.

ఐదో శతాబ్దంలో అగస్టీనుకూ పెలాగియస్‌కూ జరిగిన వాదం దీని మీదే. పెలాగియస్ చెడ్డవాడు కాడు. రోము క్రైస్తవుల జారుడు బతుకు చూసి బాధపడ్డ నీతిపరుడు. ఆజ్ఞ ఇచ్చిన దేవుడు పాటించే శక్తినీ మనిషిలో పెట్టాడు, పూనుకోవడమే మిగిలిందన్నాడు. అగస్టీను ఒప్పుకోలేదు. ఆకలి లేకుండానే, దొంగతనం చేయడంలోని ఆనందం కోసమే కుర్రతనంలో బేరిపళ్లు దొంగిలించిన సంగతి ఆయన తన కన్ఫెషన్స్‌లో తవ్వి తవ్వి చూసుకున్నాడు. చెడిపోయింది పూనుకునే ఆ మనసే అయితే పూనిక ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆయన ప్రశ్న. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. అయినా మన ఉజ్జీవ కూటాల్లో తీర్మానాలు చేయించే ప్రసంగికుడు, మాటల్లో ఎంత కృప చెప్పినా, ఆచరణలో పెలాగియస్ పక్షానే నిలబడుతున్నాడు.

ఈ ప్రాంతానికి మరీ దగ్గరైన ధార వెస్లియన్ ధార. మెదక్ కేతడ్రల్ కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ వెస్లియన్ మిషను వాడే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) మెదక్ అధ్యక్ష మండలానికి కేంద్రమైంది. ఈ ధారకు మూలపురుషుడైన జాన్ వెస్లీ పాపం విషయంలో అగస్టీను అంత కఠినుడే. కృప విషయంలో మాత్రం ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రతి మనిషినీ, అతను దేవుని వైపు తిరగకముందే, కృప వచ్చి కదిలిస్తుందని, తిరగాలన్న ఆ మొదటి కోరిక కూడా దాని పనేనని చెప్పాడు. పరిశుద్ధ జీవితం గురించి వెస్లీ గట్టిగా బోధించిన మాట నిజమే. మన దగ్గర ఆ రెండో సగమే బాగా మిగిలింది, ముందే వచ్చే కృప మరుగున పడింది.

ఇక్కడ ఒక పాత అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. 1893 సెప్టెంబరు 19న చికాగో సర్వమత మహాసభలో చదివిన పత్రంలో వివేకానందుడు, మనిషిని పాపి అనడమే పాపమన్నాడు. దళిత వాడల నుంచి చూస్తే ఈ అభ్యంతరానికి ఇంకా పదునెక్కుతుంది. పుట్టుకతోనే మైల అని ఊరు ముద్ర వేసిన మనిషికి సువార్తికుడు వచ్చి నువ్వు పాపివి కూడా అని చెబితే అది గాయం మీద గాయం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. కె. విల్సన్ 1982లో హైదరాబాద్‌లో వెలువరించిన ‘ది ట్వైస్ ఏలియనేటెడ్’ దళిత క్రైస్తవుడు రెండుసార్లు పరాయివాడైన తీరును చర్చకు పెట్టింది. 1980లో మెల్‌బోర్న్ మిషనరీ మహాసభలో హాంకాంగ్‌కు చెందిన రేమండ్ ఫంగ్, మనిషి పాపం చేసేవాడే కాదు, పాపానికి గురైనవాడు కూడా అని గుర్తుచేశాడు. ఆ రెండో సగాన్ని వదిలేసిన పాప సిద్ధాంతం బాధితుడినే నేరస్థుణ్ణి చేస్తుంది.

కానీ మైలకూ పాపానికీ మధ్య ఒక తేడా ఉంది. తెలుగు దళితులు దాన్ని పండితుల కన్నా ముందే పట్టుకున్నారని నా నమ్మకం. మైల కొందరికే అంటుతుంది. అంటించినవాడు శుద్ధుడుగా మిగులుతాడు. పాపం అలా కాదు, అది కరణంగారినీ మోతుబరినీ మాదిగనూ ఒకే వరసలో నిలబెడుతుంది. ఊళ్లో ఏ బావి దగ్గరా దొరకని సమానత్వం అది.

ఒంగోలు చరిత్ర ఈ మాటకు సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ కాపురం పెట్టాడు. అదే కాలంలో తోలు వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య అంతకుముందు రాజయోగ సాధకుడని క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899 నాటి తన పుస్తకంలో రాసింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని అగ్రవర్ణాల వారు చెప్పినప్పుడు క్లౌ దంపతులు తర్జనభర్జన పడ్డారు. ఇద్దరూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఒకే భాగం ఎదురైందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. లోకంలో ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట ఉన్న మొదటి కొరింథీ మొదటి అధ్యాయమది. వారు మాదిగలను వదులుకోలేదు.

ఆ తర్వాత 1876-78 కరవు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని క్లౌ తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ పని జరిగినన్నాళ్లూ, ఎంతమంది అడిగినా, బాప్తిస్మాలు ఆపేశాడు. బియ్యం కోసం వచ్చారన్న నింద రాకూడదని, కూలికీ కృపకూ ముడి పడకూడదని ఆయన జాగ్రత్త. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆకలితో వచ్చినవాడి ఉద్దేశం శుద్ధమైనది కాదంటే, కడుపు నిండి వచ్చినవాడి ఉద్దేశం శుద్ధమైనదని ఎవరు చెప్పగలరు? ఏ మనిషీ కల్మషం లేని మనసుతో దేవుని దగ్గరికి రాలేడన్నదే కదా అసలు సిద్ధాంతం. ఆకలికి ప్రత్యేకమైన పరీక్ష పెట్టడం ఆ సిద్ధాంతంలో ఇమడదు.

కృప విషయంలో తెలుగు నేల ఎన్నడూ గొడ్డుది కాదు. తల్లిని పట్టుకునే కోతిపిల్లా, తల్లే నోట కరుచుకుపోయే పిల్లిపిల్లా అంటూ వడగలై, తెంగలై శ్రీవైష్ణవులు శతాబ్దాల పాటు వాదించుకున్నది దీని మీదే: మనిషి పట్టు ఎంత, దేవుని పట్టు ఎంత? శరణాగతి తెలిసిన ఈ చెవులకు కృప కొత్త మాట కాదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) రాగతాళాలు కట్టి రాసిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ ద్వారా ఇప్పటికీ సంఘాల నోట నిలవడానికి ఇదొక కారణమని నేననుకుంటాను. పిల్లిపిల్ల పక్షపు వైష్ణవుడికి మన పట్టికల బోధ వింతగానే వినిపిస్తుంది.

మళ్లీ మేడ్చల్ రోడ్డుకే వద్దాం. బల్ల దగ్గర ఆగిపోయేవారు అంత సులువుగా పైకి చెప్పని కారణం ఒకటుంది. అది కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1 శాతం రిజర్వేషను ఉన్న బీసీ-సీ గుంపులోకి వస్తారు. అందుకని తహసీల్దారు కార్యాలయంలో ఒక మతం, సంఘపు రిజిస్టరులో మరో మతం. పిల్లల చదువు కోసం ఇలా బతికే తల్లిదండ్రులకు కొందరు సేవకులు వేసే ముద్ర ఒకటే: అబద్ధికులు. అబద్ధం అబద్ధమే, కాదనను. కానీ కులం మతం మారినా వదలదని అందరికీ తెలిసి, కాగితం మీద మాత్రం వదిలినట్టు లెక్కగట్టే చట్టాన్ని పక్కన పెట్టి, ఆ ముడిలో ఇరుక్కున్న తల్లినొక్కదాన్నే పాపి అనడం సగం వేదాంతం. పౌలు చెప్పిన దాస్యం ఇక్కడ కళ్లకు కట్టినట్టు ఉంది: ఎటు కదిలినా ఏదో ఒక తప్పులో పడక తప్పని బతుకు.

అలాంటి బతుకుకు కృప ఎలా అందుతుందో చెప్పేది మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం. దాన్ని కూలి అడ్డాల్లో నిలబడేవారికి చెప్పిచూస్తే దాని బలం తెలుస్తుంది. పొద్దున్నే మేస్త్రీ వచ్చి గట్టిగా ఉన్నవారిని ఏరుకుంటాడు. పది దాటాక మిగిలేది వయసు పైబడ్డవారు, జబ్బు చేసినవారు, చంటిపిల్లతో వచ్చిన ఆడవారు. ఉపమానంలో సాయంత్రం ఐదింటి దాకా నిలబడ్డవారు సోమరులని ప్రసంగాల్లో చెప్పడం విన్నాం. వారు చెప్పిన జవాబు వేరు: మమ్మల్ని ఎవరూ పనికి పెట్టుకోలేదు. యజమాని ఆ మాటకు ఎదురు అడగలేదు. తోటలోకి పంపాడు, రోజు కూలి పూర్తిగా ఇచ్చాడు. ఆ పొద్దు ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎంత కావాలో అంత. చిన్నబుచ్చుకున్నది పొద్దుటి నుంచి చేసినవారు. వారి లెక్కలో తప్పు లేదు, కానీ యజమాని లెక్క కూలి లెక్క కాదు.

ఆరాధన క్రమాల్లో ఈ అవగాహన ఇంకా బతికున్న చోటు ఒకటుంది. 1950లో సి.ఎస్.ఐ. రూపొందించిన ప్రభురాత్రి భోజన క్రమంలో సంఘమంతా కలిసి ‘మేము’ అని పాపం ఒప్పుకుంటుంది, క్షమాపణ మాటలు వింటుంది. ఆపైన బల్లకు ముందు సమాధానాన్ని చేతి నుంచి చేతికి అందించుకుంటుంది. కేరళ సిరియన్ సంప్రదాయం నుంచి తెచ్చుకున్న ఆ పద్ధతిలో ఇంటి యజమాని చెయ్యి అద్దెకున్నవాడి చేతిని, కాంట్రాక్టరు చెయ్యి కూలివాడి చేతిని తాకాలి. స్వతంత్ర సంఘాల్లో చాలా చోట్ల ఇలా కలిసి ఒప్పుకునే ఘట్టమే లేదు. పాట, ప్రసంగం, ఆపైన నేరుగా బల్ల. అలాంటి చోట ఒక విశ్వాసికి సంఘం ఎదుట తన పాపం ఒప్పుకోవడానికి మిగిలిన దారి పళ్లేన్ని పక్కవారికి అందించేయడమే. అందించినవాడి దగ్గరికి ఆ వారంలో పాస్టరుగారు వెళ్లాలి, పక్కన కూర్చున్నవారూ వెళ్లాలి. కూలి ఆపినవాడి దగ్గరికి అంతకన్నా ముందు వెళ్లాలి.