రెండు ఆరు నెలల కథ

చదువు కోసం ఊరొదిలి వెళ్లిన బ్రాహ్మణుడి కోసం భార్య ఎన్నాళ్లు ఎదురుచూడాలో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో లెక్క కట్టి మరీ చెప్పాడు. పిల్లలు లేకపోతే పదేళ్లు, ఉంటే పన్నెండేళ్లు. రాజుగారి కొలువులో ఉన్నవాడి భార్యకైతే ఆ గడువూ లేదు, ఆయుష్షు ఉన్నంతకాలం చూడాల్సిందే. ఢిల్లీలో కటవారియా సరాయ్ తెలిసినవాళ్లు ఇది చదివితే నవ్వాపుకోలేరు. గేట్‌కూ ఇంజినీరింగ్ సర్వీసులకూ కోచింగ్ తీసుకునే కుర్రాళ్లతో కిటకిటలాడే ఊరది. వాళ్లలో మన తెలుగువాళ్లకూ కొదవలేదు. చదువుతున్నవాళ్లు, సర్కారీ కొలువు కోసం కాచుకున్నవాళ్లు. కౌటిల్యుడు విడివిడిగా చెప్పిన ఇద్దరూ అక్కడ ఒకే గదిలో అద్దెకుంటారు.

మనువుకూ ఇలాంటి లెక్కే ఉంది. మొగుడు ధర్మకార్యం మీద వెళ్తే ఎనిమిదేళ్లు, విద్య కోసమో కీర్తి కోసమో వెళ్తే ఆరేళ్లు, సరదాల కోసం వెళ్తే మూడేళ్లు. ఆ గడువు తీరాక ఆవిడ ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. వ్యాఖ్యాతలు తలో రకంగా పూరించుకున్నారు. కౌటిల్యుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడకపోతే విడిపోవచ్చన్నాడు, ఒక్కరికే ఇష్టం లేకపోతే కుదరదన్నాడు. పరస్పర అంగీకారం అంటూ మనం 1976లో హిందూ వివాహ చట్టంలో రాసుకున్న ముక్క ఇదే. కాకపోతే బ్రాహ్మం మొదలైన నాలుగు ధర్మవివాహాలకు ఆయన ఈ వెసులుబాటు ఇవ్వలేదు.

ఆ తర్వాత శతాబ్దాలకు శతాబ్దాలు శాస్త్రాలది ఒక దారి, ఊళ్లది ఒక దారి. పెద్ద కులాల్లో పెళ్లంటే చచ్చేదాకా. మిగతా చాలా కులాల్లో పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని, ఓలి సొమ్ము తేల్చి, తప్పు కట్టించి, తెగతెంపులు చేసేవారు. ఆడమనిషికి మారుమనువు దారీ ఉండేది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారంగా వస్తున్న ఇలాంటి విడాకులను 29వ సెక్షన్‌లో కాపాడింది. ఆ పంచాయతీల్లో ఆడదాని మాటకు దక్కిన విలువ తక్కువే, దాన్ని మెచ్చుకోనక్కర్లేదు. కానీ తగువు తేలడానికి ఏళ్లు పట్టేది కాదు. ఆ వేగం పోయింది.

ఇప్పటి మన విడాకుల చట్టంలో ఉన్న ఆరు నెలల గడువు ముందుగా కనిపించేది ఇంగ్లండులో. అక్కడ 1857 దాకా పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి. డబ్బున్నవాళ్లకే ఆ ముచ్చట. 1857లో కోర్టుకు అధికారం వచ్చింది. 1860లో తీర్పును రెండు ముక్కలు చేశారు: ముందు తాత్కాలిక డిక్రీ, మూడు నెలలు ఆగి ఖాయం. 1866లో ఆ మూడు ఆరయ్యాయి. ఎందుకంటే, భార్యాభర్తలు కూడబలుక్కుని విడిపోతున్నారేమోనని అనుమానం. అది కూపీ లాగడానికి రాణిగారి ప్రాక్టర్ అని ఒక అధికారి ఉండేవాడు. ఇద్దరూ ఒప్పుకున్నారని తేలితే విడాకులు రద్దు! అంటే ఆరు నెలల గడువు పుట్టిందే ఒప్పుకున్నవాళ్లను పట్టుకోవడానికి.

1869లో ఆ పద్ధతి ఇక్కడి క్రైస్తవుల చట్టంలోకి వచ్చింది. గుంటూరులో జిల్లా జడ్జి విడాకులిచ్చినా, ఆరు నెలలు ఆగి, హైకోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చుని ఖాయం చేస్తేనే చెల్లుబాటు. ఈ తంతు తీసేసింది ఎప్పుడనుకున్నారు? 2001లో.

హిందువులకు బరోడా సంస్థానం 1931లో, బొంబాయి 1947లో, మద్రాసు 1949లో విడాకుల చట్టాలు చేశాయి. మన చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది: మద్రాసు చట్టం వల్ల సర్కారు జిల్లాల్లో, రాయలసీమలో హిందూ స్త్రీకి 1949లోనే విడాకుల హక్కు వచ్చింది. ఒకప్పటి నిజాం రాజ్యంలోని తెలంగాణ స్త్రీ 1955 దాకా ఆగాల్సి వచ్చింది.

అర్థశాస్త్రం తాళపత్రాలు 1905లో మైసూరులో శ్యామశాస్త్రి చేతికి వచ్చాయి, ఆయన దాన్ని అచ్చువేసింది 1909లో. ఆ ఏడే రాజమండ్రిలో దుర్గాబాయి పుట్టారు. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో అసలు నాయిక ఆవిడే. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనన్నారు. తండ్రి, తమ్ముడు ఆవిడ పక్షాన నిలిచారు. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఆవిడ వెళ్లి తలుపు తట్టడానికి విడాకుల కోర్టే లేదు. చదువుకున్నారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, లాయరయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. హిందూ స్త్రీకి విడాకుల హక్కు ఇవ్వజూపిన హిందూ కోడ్ బిల్లుకు గట్టిగా మద్దతు పలికారు. ఆ బిల్లు ముందుకు సాగలేదనే 1951లో అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రి పదవి వదులుకున్నారు. 1953 జనవరిలో దుర్గాబాయి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు, నెహ్రూ సాక్షి సంతకం చేశారు.

అదే ఏడాది చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ కోర్టులు చూశారు. మొగుడూపెళ్లాల తగువును పొలం గట్టు తగాదాలా విచారించకూడదని ఆవిడకు గట్టిగా అనిపించింది. తిరిగొచ్చి బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు చాగ్లాతో, గజేంద్రగడ్కర్‌తో మాట్లాడారు, నెహ్రూకు చెప్పారు. మనకూ అలాంటి కోర్టులు కావాలన్నారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆవిడే. కటవారియా సరాయ్ పక్కనే, కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలో, ఆ బోర్డు భవనానికి ఆవిడ పేరే పెట్టారు. కోచింగుకు వెళ్లే తెలుగు పిల్లల్లో ఎంతమంది ఆ పేరు వంక చూస్తారో మరి.

ఆవిడ అడిగిన చట్టం వచ్చింది 1984లో. అడిగిన 31 ఏళ్లకు, ఆవిడ కన్నుమూసిన మూడేళ్లకు. ఆ చట్టం చేసిన ఢిల్లీలోనే మొదటి కుటుంబ కోర్టు తెరుచుకోవడానికి ఇంకో పాతికేళ్లు పట్టి 2009 వచ్చింది. ముందు రాజీ ప్రయత్నం జరగాలని, లాయరు ఉండటం హక్కు కాదని ఆ చట్టంలో రాశారు. ఇప్పుడు ఏ కుటుంబ కోర్టు వరండాలో చూసినా నల్లకోట్లే. దుర్గాబాయి అడిగింది ఇది కాదు.

ఇక 1976. ఆవిడ మాట విన్న గజేంద్రగడ్కరే అప్పటికి లా కమిషన్ అధ్యక్షుడు. 1974లో ఆయనిచ్చిన 59వ నివేదిక తర్వాత, ఎమర్జెన్సీ రోజుల్లో హిందూ వివాహ చట్టాన్ని సవరించారు. అంతకుముందు పెళ్లయిన మూడేళ్ల దాకా విడాకుల పిటిషనే వేయకూడదు, దాన్ని ఏడాదికి తగ్గించారు. 13బీ సెక్షన్ కొత్తగా చేర్చారు: ఏడాది విడిగా ఉన్న దంపతులిద్దరూ ఒప్పుకుంటే పిటిషన్ వేసి, ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ వచ్చి అడగాలి. అదే సవరణలో 21బీ కూడా చేర్చారు: ఎదుటి పక్షానికి నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలి, అప్పీలైతే మూడు నెలల్లో.

చూశారా విడ్డూరం? ఒప్పుకున్నవాళ్లు కనీసం ఆరు నెలలు ఆగాలి, కొట్లాడుకునేవాళ్ల కేసు ఆరు నెలల్లో తేలాలి. మొదటి ఆరు నెలలను చాలా కోర్టులు నలభై ఏళ్లు పాటిస్తూ వచ్చాయి. రెండోది పుస్తకంలోనే ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందో కటవారియా సరాయ్‌లాంటి చోటే బాగా తెలుస్తుంది. గడువు మొదలయ్యేది నోటీసు అందాక కదా. సమన్లు పట్టుకుని కోర్టు మనిషి నాలుగంతస్తులు ఎక్కుతాడు. తలుపు మీద పేరుండదు. ఖాళీ చేసి వెళ్లిపోయాడంటాడు ఇంటి ఓనరు. ఆ ముక్క రాసుకుని కాగితం వెనక్కి, కేసు వాయిదాకి. మళ్లీ పోస్టులో, ఆ తర్వాత తలుపుకు అతికించి, అదీ కాకపోతే పేపర్లో ప్రకటన. ఇదంతా అయ్యాక రాజీ ప్రయత్నాలు. ఆపైన మధ్యంతర మనోవర్తి. దాన్ని 60 రోజుల్లో తేల్చాలని చట్టం అంటోంది. ఎవరి జీతమెంతో, ఆస్తులెన్నో ఇద్దరూ అఫిడవిట్‌లో చూపాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు ఆదాయం దాచడంలోనే సగం కాలం గడిచిపోతుంది. పిల్లలెవరి దగ్గర ఉండాలన్నది ఇంకో తగువు. 2003 సవరణతో భార్య తానుండే ఊళ్లోనే పిటిషన్ వేసుకోవచ్చు. అది మంచిదే. కానీ ఆయన ఢిల్లీలో వేసి, ఆవిడ వరంగల్‌లో వేస్తే, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్చడానికి సుప్రీంకోర్టుకే వెళ్లాలి. అక్కడిదాకా వచ్చేసరికి అసలు కేసులో సాక్ష్యమే మొదలు కాదు.

ఆరు నెలల గడువు పుట్టిన ఇంగ్లండులో 2022 నుంచి కొత్త పద్ధతి. ఎవరి తప్పూ చూపనక్కర్లేదు, ఇరవై వారాలు, ఆపైన ఆరు వారాలు ఆగితే చాలు. కలిపితే మళ్లీ ఆ ఆరు నెలలే! మన సుప్రీంకోర్టు 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో, దంపతులు అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండి, డబ్బూ పిల్లల సంగతీ తేల్చుకుని ఉంటే ఆరు నెలల గడువును కింది కోర్టే మాఫీ చేయవచ్చంది. 2023లో శిల్పా శైలేష్ కేసులో, ఇక అతకదని తేలిన పెళ్లిని తానే నేరుగా రద్దు చేయగలనంది.

కాబట్టి విడాకులకు ఎంతకాలం పడుతుందంటే, సెక్షన్లకంటే ముందు ఇద్దరూ కూర్చుని భరణం, బంగారం, బిడ్డల సంగతి కాగితం మీద పెట్టుకున్నారా లేదా అన్నదే తేలుస్తుంది. పెట్టుకున్నవాళ్లకు నెలలు, పెట్టుకోనివాళ్లకు ఏళ్లు. ఒప్పుకున్నవాళ్లను ఆపే ఆరు నెలలను సుప్రీంకోర్టు సడలించింది. కొట్లాడుకునేవాళ్లకు 1976లో పార్లమెంటు మాటిచ్చిన ఆరు నెలలను ఇప్పటికైనా అమలు చేయాలి.