శాశ్వత నిధులు - కళాశాల క్రీడలు: ఒక చారిత్రక పరిశీలన

శతవార్షిక సంచికలో ఆటల ప్రసక్తి ఎందుకని పాఠకులు అడుగవచ్చును. నూరేండ్లు నిలిచిన ఏ సంస్థ చరిత్రను తీసికొన్నను, అందులో ఎవరో ఇచ్చిపోయిన సొమ్ము, దానిని తరువాతివారు వాడిన తీరు తప్పక కనబడును. మన సంఘములలో కూడ తలిదండ్రుల జ్ఞాపకార్థము కొంత మొత్తము బ్యాంకులో వేసి, ఏటేట వచ్చు వడ్డీతో బడిపిల్లలకు బహుమతులు ఇచ్చు ఆచారము కలదు. అదే పనిని అమెరికా కళాశాలలు చాల పెద్ద ఎత్తున చేసినవి. అట్టి నిధులను ఆటలకు వాడుట ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న అక్కడ చాల కాలముగా నలుగుచున్నది. ఆ చరిత్రను క్లుప్తముగా మన సభ్యుల ముందుంచుట మా ఉద్దేశము.

నిధి అనగా నేమి?

1636లో మసాచుసెట్స్‌లో ఒక కళాశాల ఏర్పడినది. 1638లో జాన్ హార్వర్డ్ అను యువ బోధకుడు మరణించుచు, తన ఆస్తిలో సగమును, సుమారు 400 పుస్తకములను దానికి ఇచ్చిపోయారు. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అటువంటి దానములు పెరిగి పెరిగి నేటి ఎండోమెంటులైనవి.

ఎండోమెంటునకు రెండు కట్టుబాట్లు కలవు. మొదటిది, అసలు కరగరాదు. సాధారణముగా ఏటా నిధి విలువలో నూటికి 4 లేక 5 వంతులు మాత్రము ఖర్చుచేసి, మిగిలిన రాబడిని అసలులో కలుపుదురు. ధరలు పెరిగినను నిధి బలము తగ్గకుండుటకే ఈ ఏర్పాటు. రెండవది, దాత ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడవలెను. హార్వర్డ్ నిధి ఒకే పెట్టెలోని సొమ్ము కాదు. అది 14 వేలకు పైగా వేరు వేరు నిధుల కూడిక. అందులో నూటికి 80 వంతుల వరకు దాతల షరతులకు లోబడినదే. "ఇంత ధనముండగా ఆటలకు కొంత ఈయలేరా?" అని అడుగువారు ఈ సంగతిని మరచుచున్నారు. గ్రంథాలయమునకు ఇచ్చిన సొమ్ముతో పడవలు కొనుటకు వీలులేదు. పడవలకు ఇచ్చిన సొమ్ముతో పుస్తకములు కొనుటకును వీలులేదు.

మైదానములు వెలసిన కాలము

అమెరికాలో రెండు కళాశాలల మధ్య జరిగిన మొదటి పోటీ 1852లో న్యూ హాంప్‌షైర్‌లోని ఒక సరస్సులో హార్వర్డ్, యేల్ విద్యార్థులు ఆడిన పడవ పందెము. దాని ఖర్చులు భరించినది కళాశాల కాదు, ప్రయాణికుల కొరకు ఎదురుచూచు ఒక రైల్వే కంపెనీ! ఆటలవెంట వ్యాపారము నడచుట నిన్నటి మొన్నటిది కాదని దీనివలన తెలియుచున్నది.

తరువాత పూర్వవిద్యార్థులు ముందుకు వచ్చారు. 1890లో హెన్రీ లీ హిగిన్సన్ గారు మరణించిన తన ఆరుగురు స్నేహితుల జ్ఞాపకార్థము హార్వర్డ్‌కు ఆటస్థలమును దానము చేశారు. నేటికిని దానిని సోల్జర్స్ ఫీల్డ్ అందురు. 1879వ సంవత్సరపు తరగతివారు కలిసి ఇచ్చిన లక్ష డాలర్ల సహాయముతో 1903లో అక్కడ స్టేడియము లేచినది. ఇక్కడ దాతల మనస్సులోనే ఆటలున్నవి గనుక పేచీ లేదు.

బాప్టిస్టుల కృషి, రాక్‌ఫెల్లర్ గారి ధనము కలిసి 1890లో ఏర్పడిన చికాగో విశ్వవిద్యాలయము మరియొక అడుగు వేసినది. 1892లో ఏమస్ అలోంజో స్టాగ్ గారిని పిలిపించి, ఆటల శిక్షకునికి ఆచార్యుని హోదా ఇచ్చినది. స్టాగ్ గారు యేల్‌లో వేదాంతము చదివి, తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.యమ్.సి.ఏ. శిక్షణ పాఠశాలలో ఉన్నవారు. బాస్కెట్‌బాల్ పుట్టినది 1891లో అక్కడనే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ గారే 1920లో మద్రాసులో వై.యమ్.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను ఆరంభించారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే గనుక, ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఒక హెచ్చరిక

1929లో కార్నెగీ సంస్థ 130 వరకు విద్యాసంస్థలను పరిశీలించి ఒక పెద్ద నివేదికను ప్రకటించినది. నాలుగింట మూడు వంతుల కళాశాలలు ఆటగాండ్లను ఏదో ఒక విధముగా డబ్బుతో, సదుపాయములతో ఆకర్షించుచున్నవని అందులో తేలినది. ఆటలు విద్యార్థుల చేతినుండి జారి ప్రేక్షకుల వేడుకగా మారినవని దాని సారాంశము. పదేండ్ల తరువాత, 1939లో, స్టాగ్ గారి ఖ్యాతితో వెలిగిన చికాగో విశ్వవిద్యాలయమే తన ఫుట్‌బాల్ జట్టును రద్దుచేసినది. ఆ నిర్ణయము వెనుక ఉన్నవారు అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ గారు. 1969లో గాని ఆ జట్టు తిరిగి రాలేదు.

రెండు కళాశాలలు, రెండు దారులు

మన కాలములో జరిగిన రెండు సంగతులను పక్క పక్కన పెట్టి చూచుట మంచిది.

మొదటిది కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్. 2020 జూలైలో, కరోనా నడుమ, ఆ విశ్వవిద్యాలయము తన 36 ఆటలలో 11 ఆటలను ఎత్తివేయుచున్నట్లు ప్రకటించినది. కుస్తీ, కత్తిసాము, ఫీల్డ్ హాకీ, పడవ పందెములు వంటివి వాటిలోనివి. 240కి పైగా విద్యార్థులు వీధిన పడినట్లైనది. అప్పుడు దాని ఎండోమెంటు 2,800 కోట్ల డాలర్లకు పైమాటే. "ఇంత నిధి ఉండి ఇదేమి?" అని ఆ ఆటగాండ్లు, వారి పెద్దలు అడిగినారు. ఆ 11 ఆటలను శాశ్వతముగా నిలుపవలెనన్న 20 కోట్ల డాలర్లకు మించి కావలెనని అధికారులు చెప్పారు. లెక్క చూడగా ఇందులో వింత లేదు. నూటికి 5 వంతుల చొప్పున 20 కోట్లపై ఏటా వచ్చునది ఒక కోటి డాలర్లే. పూర్వవిద్యార్థులు ఊరకుండక 5 కోట్ల డాలర్ల వరకు వాగ్దానములు కూడగట్టారు. నిధుల పెట్టుబడులు కూడ కోలుకొన్నవి. 2021 మేలో ఆ 11 ఆటలను కొనసాగించుటకు విశ్వవిద్యాలయము అంగీకరించినది.

రెండవది అట్లాంటాలోని స్పెల్‌మన్ కళాశాల. 1881లో సోఫియా ప్యాకార్డ్, హ్యారియెట్ గైల్స్ అను ఇద్దరు బాప్టిస్టు స్త్రీలు, ఒక సంఘమువారిచ్చిన 100 డాలర్లతో, ఫ్రెండ్‌షిప్ బాప్టిస్టు చర్చి నేలమాళిగలో 11 మంది నల్లజాతి స్త్రీలకు చదువు చెప్పుటతో అది ఆరంభమైనది. 2012లో అధ్యక్షురాలు బెవర్లీ డేనియల్ టేటమ్ గారు కళాశాల లెక్కలు చూచినారు. 2,100 మంది విద్యార్థినులలో పోటీ జట్లలో ఉన్నవారు 80 మంది. వారికగు ఖర్చు ఏటా సుమారు 10 లక్షల డాలర్లు. అదే కాలములో యౌవనములోనున్న పూర్వవిద్యార్థినులు రక్తపోటు, మధుమేహము వంటి వ్యాధులకు లోనగుట ఆమె మనస్సును కలచినది. అందుచేత పోటీ జట్లను మాని, ఆ సొమ్మును అందరి నడకకు, ఈతకు, వ్యాయామమునకు మళ్లించారు. ఇది ఎండోమెంటు సొమ్ము కాదు, సాలుసరి ఖర్చులోనిది. అందుచేతనే మళ్లించుట సులభమైనది. ఆటలను ప్రేమించిన ఆ 80 మందికి అది కష్టమే అయినది. ఆ మాట కూడ మనము దాచరాదు.

ఇప్పుడు వత్తిడి మరింత పెరిగినది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒక రాజీ ప్రకారము పెద్ద కళాశాలలు ఆటగాండ్లకు నేరుగా డబ్బు ఈయవచ్చును. మొదటి సంవత్సరపు పరిమితియే ఒక్కొక్క కళాశాలకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఈ భారము మీదపడినప్పుడు కొందరి చూపు పాత నిధులవైపు తిరుగుట సహజము.

మనము నేర్చుకొనునది

ఈ చరిత్రనుండి మాకు తోచినది ఇది. ఆటను మొదలుపెట్టుట సులభము. దానిని నిలుపుట నిధి పని. సాలుసరి చందాతో నడచు జట్టు, చందా తగ్గిన యేట ఆగిపోవును. కనుక ఆటలను ప్రేమించువారు ఆటల పేరనే నిధి పెట్టవలెను గాని, చదువునకని పూర్వులిచ్చిన దానిని కదలింపరాదు. అట్లే దానపత్రమును వ్రాయువారు తమ కోరికను స్పష్టముగా వ్రాసి, ఆ పని సాగని కాలము వచ్చినచో సొమ్ము దేనికి పోవలెనో ఒక వాక్యము చేర్చుట మంచిది. అమెరికాలో 1972లోను, 2006లోను తయారైన నమూనా చట్టములు ఇట్టి చిక్కులు విప్పుటకు దారి చూపినవి. అయినను దాత వ్రాసిన ఒక్క వాక్యము ఎన్నో వ్యాజ్యములను తప్పించును.

నిధిని పెట్టినవారు నేడు మన మధ్య లేరు. దాని ఫలమును పొందవలసిన పిల్లలలో అనేకులు ఇంకను పుట్టలేదు. ఈ ఇద్దరి తరఫున లెక్క చూచువారము మధ్యనున్న మనమే. హిగిన్సన్ గారు ఇచ్చిన మైదానములో నూట ముప్పది యేండ్ల తరువాత కూడ యువకులు పరుగెత్తుచున్నారు. మన పేర తరువాతివారు ఏమి చూతురో, ఈ శతవార్షిక దినములలో మనమందరము ఆలోచింతుము గాక.