పవర్ స్ప్రేయర్లు, వీడర్లలో కార్బురేటర్ సమస్యలు – గుర్తించడం, సరిచేసుకోవడం

పైరుపై పురుగు ఉధృతి పెరిగి మందు కొట్టాల్సిన రోజునే స్ప్రేయర్ స్టార్ట్ కాకపోవడం చాలామంది రైతులకు ఎదురయ్యే ఇబ్బందే. నీటిలో కలిపిన మందును మరుసటి రోజుకు ఉంచి వాడకూడదు కాబట్టి మందు ఖర్చు, కూలీల ఖర్చు రెండూ వృథా అవుతాయి. నెలల తరబడి వాడకుండా పెట్టిన పెట్రోల్ ఇంజిన్లలో ఇలాంటి ఇబ్బందికి తరచుగా కార్బురేటరే కారణం. కొద్దిపాటి అవగాహన ఉంటే దీన్ని రైతులే సరిచేసుకోవచ్చు.

కార్బురేటర్ పని

ఇంజిన్ లోపలికి పీల్చుకునే గాలి కార్బురేటర్‌లోని సన్నని మార్గం గుండా వేగంగా వెళ్తుంది. అక్కడ పీడనం తగ్గి, జెట్ అనే సన్నని రంధ్రం నుంచి పెట్రోల్ తుంపరగా గాలిలో కలుస్తుంది. బరువు ప్రకారం ఒక వంతు పెట్రోల్‌కు దాదాపు 15 వంతుల గాలి కావాలి. జెట్ రంధ్రం చాలా సన్నగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి జిగురు, నలుసు చేరినా ఈ పాళ్లు తప్పుతాయి.

విప్పే ముందు చూడవలసినవి

1. పెట్రోల్: పాతదైతే తీసేసి తాజాది పోయాలి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి.
2. ఆయిల్: 2 స్ట్రోక్ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన నిష్పత్తిలోనే పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. 25:1 అయితే లీటరుకు 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. ఆయిల్ తగ్గితే ఇంజిన్ సీజ్ అవుతుంది. 4 స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్‌ను పెట్రోల్‌లో కలపకూడదు, విడిగా పోయాలి.
3. ట్యాంకు మూత: ఇంజిన్ కాసేపు నడిచి ఆగిపోతుంటే మూత వదులు చేసి చూడాలి. అప్పుడు బాగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్లు.
4. ఎయిర్ ఫిల్టర్: స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు.
5. స్పార్క్ ప్లగ్: చోక్ వేసి నాలుగైదు సార్లు తాడు లాగి ప్లగ్ విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, లేదా స్పార్క్ రావడం లేదు.

లక్షణాలు – కారణాలు

• చోక్ వేస్తేనే నడిచి, తీయగానే ఆగిపోవడం: జెట్‌లో చెత్త చేరి పెట్రోల్ తక్కువగా అందుతోంది, లేదా కార్బురేటర్ ప్యాకింగ్ దగ్గర గాలి లీకవుతోంది.
• వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండడం: జెట్ కొంతమేర మూసుకుపోయింది.
• నల్లటి పొగ, ప్లగ్‌పై మసి: ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు.
• కార్బురేటర్ నుంచి పెట్రోల్ కారడం: నీడిల్ కింద నలుసు చేరింది, లేదా ఫ్లోట్‌కు చిల్లు పడింది. కారుతున్నప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

శుభ్రం చేసే విధానం

ముందుగా స్ప్రేయర్ ట్యాంకులోని మందు తీసేసి, యంత్రాన్ని బయట కడిగి, చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. ఇంజిన్ చల్లారాక గాలి ఆడే చోట, పొయ్యి, బీడీ, సిగరెట్ దరిదాపుల్లో లేకుండా పని చేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ వైరు తీసేయాలి.

పెట్రోల్ కాక్ మూసి, కార్బురేటర్ కింది గిన్నెలోని పెట్రోల్‌ను డబ్బాలోకి తీయాలి. గిన్నె విప్పి అడుగున నీరు, తుప్పు, జిగురు ఉన్నాయేమో చూడాలి. మధ్యలో ఉండే ఇత్తడి జెట్‌ను సరిపోయే స్క్రూడ్రైవర్‌తో విప్పి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి, సైకిల్ పంపుతో గాలి ఊదాలి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి. ఇనుప తీగ, గుండుసూది గుచ్చకూడదు. ఇత్తడి మెత్తగా ఉంటుంది కాబట్టి రంధ్రం పెద్దదై పెట్రోల్ ఖర్చు శాశ్వతంగా పెరుగుతుంది.

ఫ్లోట్‌ను ఊపి చూసి లోపల పెట్రోల్ చప్పుడు వస్తే మార్చాలి. గాలి సర్దుబాటు స్క్రూను విప్పే ముందు, లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి రాసుకోవాలి. తిరిగి బిగించాక అన్నే చుట్లు వదులు చేయాలి. విప్పిన ప్రతి దశలో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు.

బ్రష్ కట్టర్లలో చాలావాటికి గిన్నె, ఫ్లోట్ ఉండవు. పలుచని డయాఫ్రమ్ పెట్రోల్‌ను అందిస్తుంది. అది గట్టిపడితే శుభ్రం చేసినా ఫలితం ఉండదు, కొత్తది వేయాలి. ట్యాంకు లోపలి చిన్న ఫిల్టర్‌ను కూడా చూడాలి.

ముందు జాగ్రత్తలు

నెలకు మించి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలోని పెట్రోల్‌ను కూడా తీసేయాలి. పెట్రోల్‌ను వడకట్టి పోసుకోవాలి. గొట్టంతో నోటితో పీల్చకూడదు. ఇంజిన్‌ను మూసిన గదిలో నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. సీజన్‌కు వారం ముందే ఒకసారి స్టార్ట్ చేసి చూసుకోవాలి.

శుభ్రం చేసినా స్టార్ట్ కాకపోతే, ప్లగ్‌లో స్పార్క్ లేకపోతే, తాడు లాగినప్పుడు ఇంజిన్ బిగువు తెలియకపోతే లోపం కార్బురేటర్‌లో లేదు. అప్పుడు కొత్త కార్బురేటర్ కొనకుండా మెకానిక్‌కు చూపించాలి. వారంటీ ఉన్న యంత్రాన్ని మాత్రం సొంతంగా విప్పకుండా సర్వీసు కేంద్రానికే తీసుకెళ్లాలి.