అవోస్కా: దొరక్కపోతుందా అనే సంచి

సోవియట్ యూనియన్ నగరాల్లో జనం కోటు జేబులో మడిచి ఉంచుకున్న దారపు వలసంచికి రష్యన్ భాషలో అవోస్కా అని పేరు. అల్లికలో అది మన చిక్కానికి చుట్టమే గాని, పేరులో మాత్రం అల్లిక ప్రసక్తి లేదు. ‘బహుశా’, ‘అదృష్టం కలిసొస్తే’ అనే అర్థమున్న ‘అవోస్’ అనే పాత అవ్యయానికి నామవాచక ప్రత్యయమైన ‘కా’ చేరి ఏర్పడిన ఈ మాట 1930లలో వ్యాపించిందనీ, హాస్యనటుడు అర్కాదీ రైకిన్ దానికి ప్రాచుర్యం తెచ్చాడనీ చెబుతారు.

ధరలను ప్రభుత్వమే నిర్ణయించి తక్కువగా ఉంచినందువల్ల కొరత ధరలో కాక దుకాణం ముందరి వరుసలో కనిపించేది. ఏ పూట ఏ సరుకు వస్తుందో తెలియదు కనుక, పనికి పోయేవారు సైతం సంచి వెంట ఉంచుకొని, వరుస కనబడగానే ముందు అందులో నిలబడి, తరువాతే ఏమి అమ్ముతున్నారని అడిగేవారు. అరుదైన సరుకును ‘దెఫిత్సిత్’ అనీ, అది అమ్మకానికి రావడాన్ని ‘విసిరారు’ అనీ, కొనడాన్ని ‘సంపాదించడం’ అనీ అనేవారు. డబ్బు కన్నా పరిచయం ఎక్కువ చెల్లేచోట, దానికి ‘బ్లాత్’ అని వేరే పేరే ఉన్నచోట, ‘కొనడం’ అనే క్రియ పలచబడటంలో వింత లేదు.

తరువాతి దశాబ్దాల్లో ప్లాస్టిక్ సంచులు వచ్చి అవోస్కాను వెనక్కి నెట్టాయి, అయితే వాటినీ కడిగి, తీగమీద ఆరవేసి, మళ్లీ వాడుకునేవారు.